పేరు గడిలో ‘తెలియదు’

కరోనా మూసివేతల తర్వాత అంగన్‌వాడీలు మళ్లీ పూర్తిగా నడవడం మొదలైన మరుసటి ఏడాది, జూన్ నెలలో, నన్ను కుప్పం నుంచి పుంగనూరు పట్టణంలోని ఒక సెక్టారుకు బదిలీ చేశారు. అప్పటికి సూపర్‌వైజర్‌గా నా సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. ఇల్లు మదనపల్లెలో. కుప్పంలో ఉన్నన్నాళ్లూ వారానికోసారి మాత్రమే ఇంటి మొహం చూసేదాన్ని. పుంగనూరు వచ్చాక పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరే వీలు దొరికింది. ఆ బదిలీ కోసం కాళ్లరిగేలా తిరిగాను కాబట్టి, వచ్చిన చోట ఏ తలనొప్పీ లేకుండా పదోన్నతి దాకా నెట్టుకొస్తే చాలనుకున్నాను.

మా శాఖలో మెట్లు తెలియనివారి కోసం రెండు మాటలు. అంగన్‌వాడీ కేంద్రాన్ని మేం సెంటరు అంటాం. సెంటరుకు ఒక వర్కరు, ఒక ఆయా ఉంటారు. వర్కరును పిల్లలు టీచర్ అనే పిలుస్తారు. పాతిక సెంటర్లకు అటూ ఇటూగా ఒక సెక్టారు, దానికి నాలాంటి సూపర్‌వైజర్. కొన్ని సెక్టార్లు కలిస్తే ప్రాజెక్టు. దాని అధికారిని సీడీపీఓ అంటాం. వర్కరు ఉద్యోగి కాదు, గౌరవవేతనం మీద పనిచేసే మనిషి. కాబట్టి ఆమె ఉండాలా పోవాలా అనేది చాలావరకు పైవాళ్లు రాసే రిపోర్టుల మీద నడుస్తుంది. ఆ రిపోర్టుల్లో మొదటిది సూపర్‌వైజర్ రాస్తుంది.

గుడ్లు, పాలు పంచడం, బరువులు తూచడం అందరికీ తెలిసిన పని. తెలియనిది ఏమిటంటే, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజూ ఒక పూట ఆటలతో చదువు చెప్పాలి. దీన్ని ప్రీస్కూల్ అంటాం. బొమ్మలు, కిట్లు ఏటా రావు కాబట్టి, పారేసే వస్తువులతో పిల్లల చేత ఏదో ఒకటి చేయించమని మాకు ఆదేశం ఉండేది. వారానికి రెండు పూటలు చేయించాలి, ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరుకు ఆరు గడులు. తేదీ, వాడిన సామగ్రి, పాల్గొన్న పిల్లలు, తయారైన వస్తువు పేరు, దాంతో నేర్పిన అంశం, చివరన సూపర్‌వైజర్ సంతకం.

ఆ ఆరో గడిలో నేను నెలనెలా సంతకాలు పెడుతూ వచ్చాను. ఒక సెంటరులో నేను గడిపేది ఇరవై నిమిషాలు. అందులో హాజరు, గుడ్ల నిల్వ, బరువుల చార్టు, ఫోను యాప్‌లో ఎక్కించాల్సిన వివరాలు చూడాలి. వర్కరు రిజిస్టర్లన్నీ తెరిచి ఒకదాని మీద ఒకటి పెడుతుంది, నేను పెన్ను ఎత్తకుండా కిందికి దిగుతూ పోతాను. అందరూ చేసే పనే అని సర్దిచెప్పుకునేదాన్ని.

అక్టోబరులో పైఅధికారుల తనిఖీ ఉందని తెలిసి, సీడీపీఓ మేడమ్ ప్రాజెక్టు మొత్తం నుంచి కొన్ని రిజిస్టర్లు తెప్పించి చూశారు. ఆవిడ కష్టపడే మనిషి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నన్ను గదిలోకి పిలిచి ఒక రిజిస్టరు నా వైపు తిప్పారు. అది నూర్జహాన్ సెంటరుది. వస్తువు పేరు రాయాల్సిన గడిలో వరుసగా ఇలా ఉంది: తెలియదు. తెలియదు. ఇంకా చెప్పలేదు. తెలియదు. రెండు పేర్లు. చెప్పింది, మళ్లీ మార్చింది. తెలియదు. నేర్పిన అంశం అన్న గడిలో చాలాచోట్ల ‘రేపు చూడాలి’ అని ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ప్రతి వరుస చివరా నా సంతకం ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ నా సంతకాల మాట ఎత్తలేదు. ఎత్తకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది. నూర్జహాన్‌కు మెమో ఇస్తున్నానని, వారంలోపు నేను విచారించి, సెక్టారులో మిగతా సెంటర్ల రిజిస్టర్లతో పోల్చి రిపోర్టు ఇవ్వాలని చెప్పారు. నూర్జహాన్ మీద అంతకుముందే రెండు మెమోలున్నాయి. సిగ్నల్ అందక యాప్‌లో హాజరు పడనందుకు ఒకటి, సెంటరు ఆలస్యంగా తెరిచినందుకు ఇంకొకటి. మూడోది నిలబడితే తొలగింపుకు రాస్తారు. అది నాకూ తెలుసు, నూర్జహాన్‌కూ తెలుసు. ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని ఆ గౌరవవేతనం మీదే ఇల్లు నడుపుతున్న మనిషి ఆమె.

ఆమె సెంటరు పట్టణంలోనే, గుజిరీ అంగళ్లుండే వీధిలో. పాత ఇనుము, అట్టలు, సీసాలు కొనేవాళ్లను మా వైపు గుజిరీ వాళ్లంటారు. అద్దె ఇల్లు, ఒకటే గది, ముందు చిన్న వసారా. పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు, సగం మంది తెలుగు. నేను వెళ్లేసరికి మెమో చేతికి అందినట్టుంది. మొహం పీక్కుపోయి ఉంది. సంజాయిషీ ఏం రాస్తావని అడిగితే, “ఏం రాసేది మేడమ్, పిల్లోళ్లు చెప్పింది చెప్పినట్టు రాసినాను. అది తప్పని నాకు తెలీదు” అంది.

నాకు ఒళ్లు మండింది. పదేళ్ల సర్వీసు ఉన్న మనిషి, పేరు రాయమంటే ఒక పేరు రాయలేదా అనిపించింది. సరే, ఇవాళ చేయించు, నేను కూర్చుని చూస్తానన్నాను. సెంటరులో ఒకే కుర్చీ ఉంది. అందులో కూర్చున్నాను.

ఆమె గోతాలు కలిపి కుట్టిన పట్ట ఒకటి పరిచింది. మూడు బుట్టలు దించింది. వాటిలో ఏముందో చూడాలన్న ఆసక్తి నాకు ఆ కోపంలోనూ కలిగింది. గుడ్ల అట్టలు ఒక బుట్టలో ఉన్నాయి. వాటిని రెండు రోజులు ఎండలో పెట్టకుండా పిల్లల చేతికివ్వదట. కడిగి ఆరేసిన పాల పాకెట్లు ఒక బుట్టలో. మూడోదాంట్లో పొలాల్లో తీసిపారేసిన డ్రిప్పు పైపు ముక్కలు, టైలరు దగ్గరి గుడ్డపేలికలు, టమాటా అట్టపెట్టెల ముక్కలు. పైపు కోసిన చోట గీసుకోకుండా అంచులు గరుకురాతి మీద రుద్ది ఉన్నాయి. పిల్లల నోట్లో పట్టేదేదీ పట్ట మీదికి రాకూడదని మా నియమం. చింతగింజలు, సీసా మూతలు, బ్యాటరీలు, మాత్రల అట్టలు నిషేధం. ఎవరో పట్టుగూళ్లు ఇస్తే, ముద్దుగా ఉన్నా నోట్లో పెట్టుకుంటారని ఆమె అటక మీద పెట్టేసింది. సామగ్రి విషయంలో వేలెత్తి చూపడానికి నాకేమీ దొరకలేదు.

ఆ రోజు పన్నెండు మంది పిల్లలున్నారు. నూర్జహాన్ ఏం చేయాలో చెప్పలేదు. పట్ట పరిచి, బుట్టలు దించి, గోడవారగా కూర్చుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే తలా ఒకటి తీసుకున్నారు. నా కుర్చీకి దగ్గరగా హాసిని అని ఒక నాలుగేళ్ల పిల్ల కూర్చుంది. ఆరు గుంటలున్న గుడ్ల అట్ట ముక్క ముందు పెట్టుకుని, ఒక్కో గుంటలో ఒక్కో పైపు ముక్క నిలబెడుతోంది. పడిపోతోంది. మళ్లీ నిలబెడుతోంది.

ఐదు నిమిషాలు ఓపిక పట్టాను. అంతకంటే నా వల్ల కాలేదు. “ఏం చేస్తాండావు పాపా?” అని అడిగాను.

“ఏమో” అంది తలెత్తకుండా.

“పువ్వా?”

ఆ పిల్ల నన్ను చూసింది, టీచరును చూసింది, చేతిలో పైపును చూసింది. “పువ్వు” అంది.

పక్కన జోయా అనే పిల్ల గుడ్డపేలిక మడతపెడుతోంది. అది కూడా “పువ్వు” అంది. నేను బాగుందన్నాను. అంతే, ఐదు నిమిషాల్లో పట్ట ఖాళీ అయింది. పన్నెండు మందీ చేతిలో ఉన్నది ఎత్తిపట్టి నా కుర్చీ చుట్టూ చేరారు. అన్నీ పువ్వులే. ఇంకా ఏమీ చేయని పాల పాకెట్టు కూడా పువ్వే.

నాకు గెలిచినట్టే ఉంది. “అడిగితే చెప్తున్నారు కదా, రాయడానికి నీకేం కష్టం?” అన్నాను నూర్జహాన్‌తో.

ఆమె తప్పు మాట్లాడుతున్నానేమో అన్నట్టు గొంతు తగ్గించి, “వాళ్లు చెప్పలేదు మేడమ్. మీరు చెప్పినారు, వాళ్లు ఒప్పుకున్నారు” అంది. మళ్లీ తనే, “రేపు కూడా వస్తారా మేడమ్? ఏమీ అడగొద్దండి. ఊరికే సూడండి” అంది.

రెండు మెమోలున్న మనిషి, మూడోది చేతిలో పట్టుకుని, నాకు పాఠం చెబుతోంది. మదనపల్లె బస్సులో కూర్చున్నంతసేపూ లోలోపల రగిలిపోయాను. కానీ బస్సు దిగేలోపు ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఆ పిల్ల నిజంగా ఏం చేస్తోంది? పైపు పడిపోయిన ప్రతిసారీ విసుక్కోకుండా మళ్లీ ఎందుకు నిలబెడుతోంది? నేను పువ్వు అనకపోయి ఉంటే ఆ తర్వాత ఏం చేసేది? ఇరవై ఏళ్లుగా పిల్లల మధ్య తిరుగుతున్నాను గానీ, ఇలాంటి ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. అడిగేదాన్ని, జవాబు రాసుకునేదాన్ని, లేచి వచ్చేదాన్ని.

మరునాడు కుర్చీ వద్దని చెప్పి, నేనూ గోడకానుకుని నేల మీద కూర్చున్నాను. మోకాళ్లు ఊరుకోలేదు. మొదటి పది నిమిషాలు పిల్లలు నా వైపే చూస్తూ, పువ్వులు చూపించారు. నేను తలాడించి ఊరుకున్నాను. నూర్జహాన్ కళ్లతోనే నాకు వద్దు వద్దు అంటోంది. తర్వాత వాళ్లు నన్ను మరిచిపోయారు.

అక్కడ ఇంకో పద్ధతి గమనించాను. మిగతా సెంటర్లలో పూట అయిపోగానే అన్నీ ఊడ్చేస్తారు. ఇక్కడ సగంలో ఆగిన వాటిని అట్టపెట్టె మూతల మీద పెట్టి, సుద్దతో ఒక గుర్తు వేసి, గూట్లో దాచుతారు. హాసిని తన గుడ్ల అట్టను గూట్లోంచి తెచ్చుకుంది. నిన్నటి పువ్వు సంగతి అది పూర్తిగా వదిలేసింది. ఈసారి పైపు నిలబడడానికి గుంటలో అట్టముక్కలు చించి కుక్కింది. ఒకటి నిలబడింది. రెండోది నిలబడింది. నాలుగు నిలబడేసరికి, మీద పాల పాకెట్టు ఒకటి పరిచి లాగింది. నాలుగూ కూలిపోయాయి.

జోయా తన గుడ్డపేలిక తెచ్చి పైపుకు చుట్టింది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఒకటి తెలుగులో, ఒకటి ఉర్దూలో. ఒకదాని భాష ఇంకొకదానికి ఎంత అర్థమైందో నాకు తెలియదు గానీ, పని ఆగలేదు. మధ్యలో ఆయా వచ్చి ఏం చేస్తున్నారే అంటే, హాసిని “ఏమో” అంది, జోయా తన ఉర్దూలో అదే మాట “క్యాకీ” అంది. ఇద్దరూ ఒకే గొంతుతో, ఇప్పుడు అడ్డం రావద్దన్నట్టు అన్నారు. నేను నాలుగుసార్లు నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆ వయసు పిల్లలు ఒకే పని మీద పది, పదిహేను నిమిషాలు నిలిస్తే గొప్ప అని శిక్షణ తరగతుల్లో మేం చెబుతాం. ఆ ఇద్దరూ గుడ్డు తినే వేళ దాకా లేవలేదు.

మూడో రోజు నేను పొద్దున్నే వెళ్లాను. విచారణ కోసం వెళ్లానని చెబితే అబద్ధం. ఆ పైపులు ఏమయ్యాయో చూడాలనే వెళ్లాను.

ఆ రోజు పాల పాకెట్టు పైపుల మీద నిలిచింది. నాలుగు మూలలా గుడ్డపేలికలతో కట్టారు. ముడి మాత్రం నూర్జహాన్ వేసింది, వాళ్లు చూపించిన చోట. కట్టాక హాసిని గ్లాసుతో నీళ్లు తెచ్చి పైన పోసింది. పాకెట్టు మధ్యలో కుంగింది, నీళ్లు ఒక వైపు జారి గుడ్ల అట్ట గుంటల్లోకి పోయాయి. జోయా ప్రతి గుంటలో వేలుపెట్టి చూసింది. తడిసిన వాటిని హాసినికి చూపించింది. ఇద్దరూ పాకెట్టును ఇటు జరిపారు, అటు జరిపారు. మళ్లీ నీళ్లు, మళ్లీ వేలు. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. నేనూ ముందుకు వంగి, ఏ గుంట తడిసిందా అని చూస్తున్నాను. ఆఖరికి పాకెట్టుకు ఒక వైపు వాలు కుదిరింది. నీళ్లన్నీ బయటికి పోయాయి. ఒక్క గుంటా తడవలేదు.

హాసిని నా దగ్గరికి రాలేదు. నూర్జహాన్ దగ్గరికి వెళ్లి, “టీచర్, ఇది మన బడి. ఈడ కారదు” అంది.

నేను తలెత్తి పైకి చూశాను. మిద్దెకు లోపలివైపు ఒక మూల నల్లగా తడి మరక ఉంది. వాన వస్తే ఆ మూల కారుతుందని, పిల్లలను ఈ మూలకు జరుపుకుంటున్నానని నూర్జహాన్ నాకు ముందే ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితం నా సంచిలోనే ఎక్కడో ఉంది.

జోయా మాత్రం ఆ పేరు ఒప్పుకోలేదు. “నై, ముర్గీకా ఘర్” అంది. తన లెక్కన అది కోళ్ల గూడు. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే నూర్జహాన్ రిజిస్టరు తెరిచి, పేరు గడిలో ‘రెండు పేర్లు’ అని రాసుకుంది. నేర్పిన అంశం గడి దగ్గర పెన్ను ఆపి నా మొహం చూసింది. నీళ్లు పల్లానికి పోతాయని రాయమన్నాను. “నేను నేర్పలేదు గదా మేడమ్” అంది.

పిల్లలు నిద్రపోయాక ఆమెను కూర్చోబెట్టి, అన్నిచోట్లా తెలియదు అని ఎందుకు రాశావని అడిగాను. అడిగే తీరు మారిందని నాకే వినిపించింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. “ఏం చేస్తాండావని అడిగితే పిల్లోళ్లు ఏమో అంటారు మేడమ్. మా పిల్లోళ్లు క్యాకీ అంటారు. గవర్నమెంటు రిజిస్టర్లో ఏమో అని రాస్తే బాగుండదు గదా. అందుకే తెలియదు అని పుస్తకంలో మాట రాసినాను.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఆఫీసు తెలుగులోకి మార్చడంలోనే పొరపాటంతా జరిగింది. ఆ పిల్లలు ఏమో అన్నది తెలియక కాదు. అప్పుడే తేల్చుకోలేదు, ఇంకా పని ఉంది అని. జోయా క్యాకీ అన్నదీ అదే. తెలియదు అని రాసేసరికి అది అజ్ఞానమైంది, అజ్ఞానం కాస్తా నిర్లక్ష్యమైంది, నిర్లక్ష్యం మెమో అయింది. మర్యాదగా ఉండాలని ఎంచుకున్న మాట ఆమె ఉద్యోగం మీదికి తెచ్చింది.

ఏదో ఒక పేరు నువ్వే రాసెయ్యొచ్చు కదా, ఎవరు చూస్తారని కూడా అడిగాను. “వాళ్లు చెప్పకుండా నేను పెడితే అది నేను చేసింది అవుతాది గదా మేడమ్” అంది. తర్వాత గొంతు మారింది. “నన్ను తీసేస్తారా మేడమ్?” అని అడిగింది. ఇంకా ఏమీ రాయలేదని చెప్పాను. అది నిజమే గానీ, ధైర్యం చెప్పే మాట కాదు.

పోల్చి రాయమన్నారు కాబట్టి, శనివారం మిగతా సెంటర్ల రిజిస్టర్లన్నీ తెప్పించి మదనపల్లె తీసుకొచ్చాను. ఆదివారం పొద్దున వంట ముగించి, వాటిని మంచం మీద పరిచాను. నిజం చెప్పాలంటే, నూర్జహాన్‌కు పనికొచ్చేది ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. ఏ సెంటరులోనైనా ఒక్క ‘ఇంకా చెప్పలేదు’ ఉంటే చాలు, ఆమె ఒక్కతే కాదని రాయొచ్చు.

ఒక్కటీ లేదు. అన్ని గడులూ నిండి ఉన్నాయి. మొదటి రిజిస్టరులో టమాటా బుట్ట, గోడ గడియారం, కొబ్బరిచిప్ప తాబేలు, పుశ్పగుచ్ఛం, రైలుబండి. రెండోదాంట్లో టమాటా బుట్ట, గోడ గడియారం, కొబ్బరిచిప్ప తాబేలు, పుశ్పగుచ్ఛం, రైలుబండి. మూడోది తెరిచాను. నాలుగోది తెరిచాను. అదే వరుస, అవే వస్తువులు. పుష్పగుచ్ఛాన్ని అందరూ ఒకేలా తప్పుగా రాశారు.

ఆ తప్పు ఎవరిదో గుర్తుపట్టడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. కుప్పంలో ఉండగా ఒక ప్రదర్శన కోసం నేనే ఒక జాబితా తయారుచేశాను. వర్కర్లు చేసిన వస్తువులు చక్కగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. పుంగనూరులో చేరిన వారంలోనే ఆ జాబితాను ఫోనులో టైపు చేసి, మాదిరి కోసం అని మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫోను తీసి చూశాను. పుశ్పగుచ్ఛం అని నేనే కొట్టాను. సూపర్‌వైజర్ పంపిందంటే వర్కర్లకు అది ఆదేశమే. పాపం వాళ్లు అక్షరం మార్చకుండా ఎత్తి రాశారు. పిల్లలు చేశారా అంటే, ఆ సెంటర్ల అటకల మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన టమాటా బుట్టలు నాకు గుర్తొచ్చాయి. అవి నాలుగేళ్ల పిల్లల చేతిపని కాదని నాకు తెలుసు. తెలిసే బాగున్నాయని మెచ్చుకున్నాను. ఒకే తాబేలును రెండు మూడు సెంటర్లలో చూసినట్టు కూడా ఇప్పుడు అనుమానం వచ్చింది.

అంటే నా సెక్టారు మొత్తంలో పిల్లలు నిజంగా చేసింది రాసిన రిజిస్టరు ఒక్కటే. మెమో దానికే వచ్చింది.

పక్క సెక్టారు సూపర్‌వైజర్ వనజకు ఫోను చేశాను. మేమిద్దరం ఒకేసారి ఉద్యోగంలో చేరాం. అంతా విని, నన్ను తిట్టింది. “యాల ఇంత ఆలోచన అక్కా? పదోన్నతుల జాబితాలో నీ పేరుండాది. వర్కరు నా దృష్టికి తీసుకురాలేదు అని ఒక్క వాక్యం రాసెయ్. మిగతా రిజిస్టర్లు సక్రమంగా ఉండాయని రాసెయ్. అయిపోతాది” అంది. మా ఉద్యోగాల్లో అది చెడ్డ సలహా కాదు. సంతకం ఉన్నవాళ్లు తప్పించుకోవడానికి ఉన్న వాక్యం అదొక్కటే. వనజ నా మేలు కోరే చెప్పింది.

ఆ వాక్యం రాశాను కూడా. రాసి చదువుకున్నాను. దృష్టికి తీసుకురాలేదు అన్న మాట పక్కనే నూర్జహాన్ రిజిస్టరు తెరిచి ఉంది. ప్రతి వరుసలోనూ ఆమె నా దృష్టికి తెచ్చింది. ఏ నెలలోనూ దాచలేదు. నేను ఒక్కసారి చదివి ఉంటే, ఇదేంటి అని అడిగి ఉంటే, విషయం ఆ సెంటరులోనే తేలిపోయేది. ఆ కాగితం చించేసి ఇంకొకటి రాశాను.

రిపోర్టు ఒకటిన్నర పేజీ వచ్చింది. మూడు రోజులు నేను చూసింది వరుసగా రాశాను. ‘ఏమో’, ‘క్యాకీ’ అన్న మాటలు ‘తెలియదు’గా ఎలా మారాయో రాశాను. మిగతా సెంటర్లలోని నమోదులు నేను పంపిన జాబితా నుంచి ఎత్తి రాసినవని, అందుకు వర్కర్లను బాధ్యులను చేయరాదని రాశాను. అన్ని రిజిస్టర్లలోనూ చదవకుండా సంతకం చేశానని ఆఖరి పేరాలో రాశాను. మిద్దె కారుతోందన్న కాగితాన్ని కూడా జతచేశాను.

సోమవారం సీడీపీఓ మేడమ్ నా ఎదుటే చదివారు. ఆఖరి పేరా దగ్గర ఆగారు. ఇది తీసేసి తెస్తారా, టైము ఇస్తాను అన్నారు. మంచితనంతోనే అన్నారు. అది తీస్తే నూర్జహాన్ మీది మెమో ఎలా వీగిపోతుందో నాకు అర్థం కావడం లేదని చెప్పాను. చదవకుండా సంతకం పెట్టానని మీరే రాసిస్తే నేను చర్య తీసుకోక తప్పదన్నారు. తెలుసన్నాను. అప్పుడు ఆవిడ నూర్జహాన్ రిజిస్టరునూ మరో సెంటరుదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నూర్జహాన్ రిజిస్టరులో ‘చెప్పింది, మళ్లీ మార్చింది’ అన్న చోట వేలు పెట్టి, ముందు ఏం చెప్పింది, తర్వాత ఏమని మార్చింది అని అడిగారు. నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్పమన్నారు. ఆవిడకూ ఆసక్తి కలిగిందని అప్పుడు అర్థమైంది.

నూర్జహాన్ మీది మెమో మీద ‘తదుపరి చర్య అవసరం లేదు’ అని రాశారు. నాకు ఒక మెమో వచ్చింది. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే. ఆ ఏడాది పదోన్నతుల జాబితాలో నా పేరు పక్కన పెట్టారు. మరో జాబితా వచ్చేలోపు నేను రిటైరయ్యాను. సీడీపీఓ కుర్చీలో ఒక్క రోజైనా కూర్చోలేదన్న బాధ నాకు ఉంది. లేదని చెప్పను.

నా సెక్టారులో నేను పంపిన వస్తువుల జాబితా రద్దు చేశాను. పిల్లలు పేరు చెప్పేదాకా ఆ గడి ఖాళీగా వదలొచ్చని మేడమ్ నోటిమాటగా ఒప్పుకున్నారు. పద్ధతి మిగతావాళ్లకు చూపించమని నూర్జహాన్‌ను అడిగితే, “నేను చెప్పేదేముండాది మేడమ్, ఊరికే కూర్చునేదే గదా” అని సిగ్గుపడింది. ఊరికే కూర్చోవడం మా వాళ్లకు చాలా కష్టమైంది. మొదటి నెల రిజిస్టర్లన్నీ ఖాళీగా వచ్చాయి. రెండో నెలలో ఒక సెంటరు నుంచి ‘పాము, కానీ కరవదు’ అని వచ్చింది. దాన్ని చూడడానికి నేను ప్రత్యేకంగా బస్సెక్కి వెళ్లాను. డ్రిప్పు పైపు ముక్కలను గుడ్డపేలికలతో ముడివేసి చేశారు. నిజంగానే కరిచేలా లేదు.

పసిపిల్లల చేతిపనిలో పేరు ఆఖరున వస్తుంది. మనం తొందరపడి ముందే పెడితే పని అక్కడితో ఆగిపోతుంది. ఇది నేను నూర్జహాన్ దగ్గర నేర్చుకున్నాను. రెండోది నా ఉద్యోగానికి సంబంధించింది. రిటైరయ్యే దాకా, ఏ సెంటరు రిజిస్టరులోనైనా గడులన్నీ తప్పు లేకుండా నిండి కనిపిస్తే, సంతకం పెట్టకుండా పెన్ను మూసేదాన్ని. వర్కరును అడిగి పట్ట పరిపించుకుని, పిల్లల పక్కన నేల మీద కూర్చునేదాన్ని.